నిలబడి ఉండే బండి

పినాకపాణిగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. ముందు కూర్చోమంటారు, మజ్జిగ ఇప్పిస్తారు, అది తాగుతుండగా ఎక్కడో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకుంటారు.

ఒక ఆదివారం పొద్దున్న మేం కొందరం శిష్యులం ఆయన దగ్గర కూర్చుని ఉండగా, ఆయన పాత శిష్యురాలు కామాక్షి వచ్చింది. ఈమధ్యనే మున్సిపాలిటీకి చైర్‌పర్సన్ అయింది. మర్నాడే బడ్జెట్టు సమావేశం.

"గురువుగారూ, మా ఊరి అంబులెన్సు చాలా రోజులు షెడ్డు దాటదు. డ్రైవరుకీ నర్సుకీ జీతాలు మాత్రం ఇవ్వాల్సిందే. అవతల రోడ్లవాళ్లు, నీళ్లవాళ్లు, పార్కులవాళ్లు డబ్బుల్లేక నా చుట్టూ తిరుగుతున్నారు. ఊరికే నిలబడే బండికి కోత పెడితే తప్పంటారా?" అని అడిగింది.

ఆయన ఆవిడ చేతికి గ్లాసు అందించి, మాతో ఇలా చెప్పారు.

అప్పల్నాయుడు అని ఒక చైర్మన్ ఉండేవాడు. మంచివాడు, పనిమంతుడు. ఖాళీగా ఉన్న మనిషిని చూసినా, బండిని చూసినా ఆయన ప్రాణం ఊరుకునేది కాదు. అంబులెన్సుకని విడిగా డబ్బు కేటాయించడం మానేసి, దాన్ని అన్ని శాఖలకూ ఉమ్మడి బండిని చేశాడు. వాడుకున్నవాళ్లే డీజిలు పోయించుకోవాలన్నాడు.

"మధ్యలో ఫోనొస్తేనో, బాబూ?" అన్నాడు డ్రైవరు గవర్రాజు.

"వచ్చినప్పుడు చూద్దాంలే."

ఆ రోజు నుంచి బండికి ఊపిరాడలేదు. ఒకరు దాంట్లో పైపులు ఎక్కించారు, ఒకరు సున్నం బస్తాలు ఎక్కించారు. అందరికంటే ఎక్కువ వాడుకున్నది పార్కుల అధికారి, అప్పల్నాయుడి స్నేహితుడు లింగమూర్తి. మొక్కలకు చోటు చాలడం లేదని స్ట్రెచరు కూడా తీయించి ఆఫీసులో పెట్టించాడు. డబ్బు ఆదా అయిందని కౌన్సిలంతా చప్పట్లు కొట్టింది.

కొత్త పార్కు ప్రారంభం రోజున రిబ్బను కత్తిరించబోతుండగా ఆ లింగమూర్తే గుండె పట్టుకుని కూలిపోయాడు. ఫోను చేస్తే బండి ఊరవతల నర్సరీలో ఉంది. అది వచ్చేదాకా అప్పల్నాయుడు స్నేహితుడి తల ఒళ్లో పెట్టుకుని, రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు.

చివరికి బండి వచ్చింది, నిండా కుండీలతో. లింగమూర్తిని గోనెపట్టాల మీద పడుకోబెట్టారు. ఆక్సిజను సిలిండరు మందారాల వెనక ఎక్కడో ఇరుక్కుంది. నర్సు ఎస్తేరు ఒక్కొక్క కుండీ తీసి బయటికి గిరాటు వేయడం మొదలుపెట్టింది.

లింగమూర్తి కళ్లు తెరిచాడు. "అమ్మా, ఆ గులాబీ... కొత్త రకం..."

"గులాబీ సంగతి తర్వాత, ముందు మీరు గాలి పీల్చండి!" అని అదీ విసిరేసి, మాస్కు తగిలించింది.

బతికాడు. ఇంకాస్త ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదన్నాడు డాక్టరు. ఆ మాట విన్నాక అప్పల్నాయుడు ఆస్పత్రి వరండాలో, పంచెకంతా మట్టితో, గోడకు జారగిలబడిపోయాడు.

తర్వాతి సమావేశంలో అంబులెన్సుకు విడిగా డబ్బు కేటాయించారు. ప్రతి శాఖా కొంత వదులుకుంది. అందరికంటే ముందు చెయ్యెత్తింది లింగమూర్తి. అంతా అయ్యాక గుమాస్తా లేచి, "బండికి రోజూ ఏం పని రాయమంటారు?" అని అడిగాడు.

"నిలబడి ఉండటం" అన్నాడు అప్పల్నాయుడు.

కథ అయిపోయింది. మేమంతా గులాబీ దగ్గర పట్టిన నవ్వు ఇంకా ఆపుకోలేకపోతున్నాం. కామాక్షి నవ్వుతూనే, కాస్త ఆలోచనగా అడిగింది: "మరి ఆ తర్వాత ఏడాదిలో బండి ఎన్నిసార్లు కదిలింది, గురువుగారూ?"

"ఏమో తల్లీ," అన్నారు పినాకపాణిగారు, "ఆ ఊళ్లో ఎవరిని అడిగినా, రాత్రి హాయిగా నిద్రపోయామనే చెప్పారు."