పట్టుగుడ్డ మీది పటం

కోట అడుగున పారే నీటి గొట్టాలన్నిటికీ మంత్రి విరూపాక్షయ్య పట్టుగుడ్డ మీద బంగారు సిరాతో ఏడాదిపాటు పటం గీయించాడు. "ఇందులో లేని గొట్టం లేదు ప్రభూ. ఇక నీళ్ల పనివాళ్లు అక్కర్లేదు" అన్నాడు రాజుతో.

ముప్పై ఏళ్లుగా ఆ గొట్టాలతోనే వేగుతున్న నీళ్ల పనివాడు గంగన్న ముందుకొచ్చాడు. "ఆ పటం చూసి మంత్రిగారింటికి నీళ్లు ఆపించండి ప్రభూ. ఆగితే మేమే వెళ్లిపోతాం."

మంత్రి పటంలో ఒక తూము చూపించాడు. భటుడు వెళ్లి దాన్ని మూసేశాడు. కాసేపటికి అంతఃపురం నుంచి దాసి పరుగెత్తుకొచ్చింది. తలకు కుంకుడురసం పెట్టుకున్న రాణిగారికి నీళ్లు ఆగిపోయాయట, కళ్లు మండిపోతున్నాయట.

"ధార చాలడం లేదని మంత్రిగారే పోయిన నెల వేరే గొట్టం వేయించుకున్నారు. పాతది రాణిగారికి కలిపాం" అన్నాడు గంగన్న. "ఆ సంగతి పటానికి ఎవరూ చెప్పలేదు."

"మరి ఎలాంటి పటం కావాలి?" అనడిగాడు రాజు.

"పలకా బలపం ఇప్పించండి చాలు. గొట్టం మార్చిన చేత్తోనే గీత కూడా మారుస్తాం."