జత కుదరని స్పీకర్లు

కస్తూరి తెచ్చిన పాత స్పీకర్లకు గొంతు పెగలడం లేదు.

పుస్తకాల అరలో పట్టేంత చిన్న జత అది. ఎవరో వాడి వదిలేసినదాన్ని తానే ఏరి, బాగుచేసి ఇస్తానని నాట్యం నేర్పే వైదేహి టీచరుకు మాటిచ్చింది. ఆ సాయంత్రమే పిల్లల తొలి ప్రదర్శన. పాట వస్తోంది గానీ, మృదంగం రేకుడబ్బా మీద గోటితో కొట్టినట్టుంది. ఆ దెబ్బ అందకపోతే పిల్లలు అడుగెలా వేస్తారు?

ఎవరూ నేర్పకుండానే రేడియోలు విప్పిన పిల్ల. ఉస్తాద్ మహబూబ్ బాషా రిపేరు కొట్టులో పనికి చేరాక కూడా ఒకరిని అడగడమంటే నామోషీ. వైర్లు మార్చింది. స్పీకర్లలో అదిరి మోగే అట్ట గరాటుల అంచులు కొత్తగా అతికించింది. విడివిడిగా పెడితే ఏ స్పీకరైనా గుండెల్లో మోగుతోంది. రెండూ కలిపితే నీరసం.

చివరికి దిగొచ్చి, ఆంప్లిఫయర్‌కి బలం చాలడం లేదు, పెద్దది ఇమ్మని ఉస్తాద్‌ని అడిగింది.

ఆయన టీ గ్లాసు పక్కనపెట్టి, ముందు ఈ బల్ల జరుపుదాం పట్టమన్నాడు. ఆయన ఒక కొస పట్టుకుంటే, కస్తూరి రెండో కొస పట్టుకుని గుమ్మం వైపు లాగింది. కదల్లేదు. పళ్ళ బిగువున లాగింది. అంగుళం జరిగితే ఒట్టు.

"అన్నం తినలేదా అమ్మాయ్?"

"తిన్నాను. మీరేమో అటు లాగుతున్నారు, ఉస్తాద్."

"నేనూ తిన్నాను మరి."

కస్తూరి చేతులు బల్ల మీదే ఉండిపోయాయి. చూపు మాత్రం స్పీకర్ల మీదికి పోయింది.

టార్చిలైటు సెల్లు తీసి ఒకదాని వైర్లకు తాకించింది. అట్ట ముందుకు పొంగింది. రెండోదానికీ అలాగే తాకించింది. అది లోపలికి నక్కింది. పాత రిపేరులో ఎవరో లోపలి వైర్లు తారుమారు చేసి అతికించారు. ఒకటి గాలిని తోస్తుంటే, ఇంకొకటి లాక్కుంటోంది.

రెండోదాని వెనక వైర్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చి పాట పెట్టింది.

ఈసారి మృదంగం దెబ్బ నేలదాకా దిగింది. బీరువాలో స్క్రూలు గలగలమన్నాయి. స్పీకర్ల కోసం వచ్చిన వైదేహి టీచరు పలకరించడం మరిచి, గుమ్మంలోనే తాళానికి అడుగు వేసేసింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి తొంగిచూశారు. కస్తూరి నడుం మీద చేతులు పెట్టుకుని, కోట గెలిచినదానిలా నిలబడింది.

ఇంతకీ వీటిలో చెడ్డది ఏదని టీచరు అడిగింది. కస్తూరి రెండోదాన్ని చూపించబోయింది.

"ఒక్కదాన్నే వింటే దేనికీ వంక లేదు కదమ్మా," అన్నాడు ఉస్తాద్.

కస్తూరి చాచిన వేలు మడిచి, ఆ చేత్తోనే సౌండు ఇంకాస్త పెంచింది.