ఎడారి దాటొచ్చిన ఆఖరాట

ఆస్ట్రేలియా అడవుల్లో జంతువులకి బంతాటంటే పిచ్చి. ఆ బంతి గుండ్రంగానైనా ఉండదు. కోడిగుడ్డులా సాగి ఉంటుంది. నేల మీద పడితే ఎటు ఎగురుతుందో తన్నినవాడికీ తెలీదు. అయినా ఏడాది పొడవునా అదే గోల. ఖండం నలుమూలల జట్లూ ఒకరి ఊరికి ఒకరు వెళ్ళి ఆడాలి. అందరిలోకీ బాగా ఆడిన రెండు జట్లు చివర్లో ఆఖరాట ఆడాలి. గెలిచినవాళ్ళకి కప్పు.

పద్ధతి బాగానే ఉంది, చిక్కంతా ఖండంతోనే. జట్లలో ముప్పాతిక తూర్పు తీరంలో, ఒకరి పెరట్లో ఒకరన్నట్టు ఉన్నాయి. పొద్దున్నే గడ్డి మేసి బయల్దేరితే ఆట ఆడేసి, ఓడినవాణ్ణి నాలుగు మాటలు వెక్కిరించి, చీకటి పడేలోపు ఇల్లు చేరొచ్చు. కొన్ని జట్లకైతే ఆ శ్రమ కూడా లేదు. ఇద్దరిదీ ఒకటే మైదానం. పడమట ఎర్రమట్టి నేలలో మాత్రం ఉన్నది ఒక్కటే జట్టు. అది ఎక్కడికి ఆడటానికి వెళ్ళాలన్నా అడ్డంగా ఎడారి పడుకుని ఉంటుంది.

పోటీల పెద్ద నక్క. పేరు సమవర్తి. ఎవరైనా దూరం గురించి గొణిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "మీకు సగం ఆటలు మీ ఊళ్ళో. వాళ్ళకి సగం ఆటలు వాళ్ళ ఊళ్ళో. సగమూ సగమూ సమానమా, కాదా?" వచ్చిన జట్టు వచ్చిన పూటే ఆడాలన్న నిబంధన కూడా ఆయన పెట్టిందే. అలసట మనసులో ఉంటుంది తప్ప కాళ్ళలో ఉండదట. ఇక ఆఖరాట ఎప్పుడూ తూర్పు మైదానంలోనే. తాతల నాడు అలా అనుకున్నారట. ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా.

పడమటి జట్టు నాయకుడు బారెడయ్య అనే ఈము. ఎగరలేని పక్షే గానీ పరుగులో గాలికి తమ్ముడు. ఆ ఏడు జట్టు ఆఖరాటకి చేరిందన్న కబురు వచ్చేసరికి ఆయన మైదానం పక్కన ముళ్ళపొద కింద ముదురాకుపచ్చ గుడ్ల మీద కూర్చుని ఉన్నాడు. కబురు తెచ్చింది బొరియప్ప. వాంబాట్ జాతి. పందిపిల్లంత ఒళ్ళు, పొట్టి కాళ్ళు, నేల కనబడితే చాలు తవ్వే బుద్ధి.

"అన్నా, ఆఖరాటకి వెళ్తున్నాం."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, ఎప్పుడూ వెళ్ళే చోటికే. ఏంటన్నా, ఓడిపోయినట్టు మొహం పెట్టావు?"

"మీ వదిన గుడ్లు పెట్టి వెళ్ళిపోయిందిరా."

"మీ ఇళ్ళలో అదే కదా ఆనవాయితీ. పెట్టేది ఆవిడ, పొదిగేది నువ్వు."

"పొదిగేవాడు ఎడారి దాటి వెళ్ళొస్తే గుడ్లేమవుతాయి?"

బొరియప్ప గూట్లోకి తొంగి చూశాడు. "పోనీ, నేను కూర్చోనా?"

"నువ్వు కూర్చుంటే గుడ్డట్టవుతుంది."

నవ్వడానికి నవ్వారు గానీ ఇద్దరికీ పోయినేడు గుర్తొచ్చింది. పోయినేడు బారెడయ్య జట్టుతో తూర్పుకి వెళ్ళాడు. తిరిగొచ్చి గూటి మీద కూర్చుంటే గుడ్లన్నీ చల్లగా ఉన్నాయి. అయినా పిల్లలు వస్తాయేమోనని చాలా రోజులు లేవలేదు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ మాట్లాడడు.

"నేను రాను," అన్నాడిప్పుడు. "మీరు వెళ్ళండి."

"నువ్వు లేకుండా వెళ్ళడం దేనికి, అంత దూరం నడిచి తన్నులు తినడానికా?"

మర్నాడు ఆకాశంలోంచి గూడబాతు దిగింది. పోటీల పంచాయితీలో ముసలి పెద్ద. ముక్కు కింద పెద్ద సంచి ఉంటుంది చూడండి, ఆ సంచిలోంచి సమవర్తి బయటికొచ్చి, ఒళ్ళు దులుపుకుని, తోక సవరించుకున్నాడు. ఆఖరాటకి ముందు ఊరూరా తిరిగి దీవించడం ఆయనకి అలవాటు. జనమంతా పొద చుట్టూ మూగారు.

"ఏం బారెడయ్యా, బయల్దేరలేదా?"

"దూరం కదండీ. ఆలోచిస్తున్నాను."

"దూరమా? ఇప్పుడే కదా నేనొచ్చాను. కునుకు తీసి లేచేసరికి మీ ఊరు." గూడబాతు నొప్పెట్టిన దవడని రెక్కతో రుద్దుకుంది. "అసలు ప్రయాణమంత మంచిది ఇంకోటి లేదయ్యా. కొత్త గాలి తగులుతుంది, ఒళ్ళు తేలికవుతుంది. కలిసి నడిస్తే జట్టులో ఐకమత్యం పెరుగుతుంది. పాపం మీతో ఆఖరాట ఆడే మా తూర్పు కంగారూలని చూడు. ఇంటిపట్టున మేసి మేసి లావెక్కిపోతున్నాయి. అదృష్టమంటే మీదే."

బారెడయ్య గుడ్ల మీంచి లేవలేదు. పొడుగాటి మెడ మాత్రం కాస్త వంచాడు.

"ఇన్నాళ్ళూ ఈ కోణంలో చూడలేదండీ. తలుచుకుంటే సిగ్గుగా ఉంది."

"సిగ్గెందుకయ్యా?"

"ఇంత భాగ్యం ఏటేటా మేమొక్కళ్ళమే తినేస్తున్నాం. మీ పిల్లలు అక్కడ లావెక్కిపోతున్నారంటే కడుపు తరుక్కుపోతోంది. ఈసారి ఆ ప్రయాణం వాళ్ళకిచ్చేస్తాం. ఆఖరాట ఇక్కడ పెట్టండి."

కొమ్మ మీద ఎవరో కిసుక్కుమని, వెంటనే దగ్గినట్టు నటించారు.

"అబ్బే," అన్నాడు సమవర్తి, "మీ నోటి దగ్గర కూడు లాక్కుంటామా?"

"లాక్కోవడమేంటండీ, మేమే వడ్డిస్తుంటే."

"తాతల నాటి మాట ఒకటుంది..."

"ఆ తాతల్లో నేనూ ఉన్నాను," అంది గూడబాతు. "చూసేవాళ్ళకి నీడ ఎక్కువని తూర్పన్నాం. ప్రయాణం ఇంత ఆరోగ్యమని అప్పట్లో మాకు చెప్పినవాళ్ళు లేరు."

నోరా, వీపుకు దెబ్బలు తేకే అన్నట్టయింది నక్క పని. ఇంతమంది ముందు ప్రయాణం కష్టమంటే ఇప్పటిదాకా చెప్పిందంతా అబద్ధమవుతుంది. మంచిదంటే నడవాలి. మింగలేక కక్కలేక సరే అన్నాడు.

అప్పుడు బొరియప్ప అమాయకంగా మొహం పెట్టి అడిగాడు. "పెద్దాయనా, కలిసి నడిస్తే ఐకమత్యమన్నారు కదా. మీరూ కంగారూలతో నడిచొస్తే ఎంత బాగుంటుందో."

"బ్రహ్మాండంగా ఉంటుంది," అంది గూడబాతు, నక్క నోరు తెరవకముందే.

తూర్పు జట్టు ఆట నాటి ఉదయానికి ఎడారి దాటి వచ్చింది. వచ్చింది అనడం కంటే వచ్చి పడింది అనాలి. ఎడారంటే ఏమిటో ఎరగని కుర్రాళ్ళు. మొదటి రోజే పందేలు వేసుకుని గెంతారు, నీటి గుంట కనబడగానే స్నానాలు చేసి బురద చేసుకుని, దాహమేసినప్పుడు ఆ బురదే తాగారు. చల్లటి వేళ నిద్రపోయి, మండుటెండలో నడిచారు. ఐకమత్యం ఎంత పెరిగిందంటే ఒకడి పక్కన ఒకడు కూర్చోవడం లేదు. అందరికన్నా వెనక సమవర్తి. నాలుగు పాదాలూ బొబ్బలెక్కి, ఏ కాలు ముందు ఎత్తాలో తెలీక మూడేసి కాళ్ళ మీద కుంటుకుంటూ వచ్చాడు.

"మొదలెట్టేద్దాం అన్నా," అన్నాడు బొరియప్ప ఈము చెవిలో. "వచ్చిన పూటే ఆడాలి. నిబంధన వాళ్ళదే. వీళ్ళ మీద మా మేనత్త ఆడినా గెలుస్తుంది."

బారెడయ్యకి ఆశ పుట్టలేదంటే అబద్ధం. పడమటికి కప్పు ఒక్కసారీ రాలేదు. కానీ కంగారూల నాయకుడు గెంతులన్న నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. పిక్కలు వాటంతటవే అదురుతున్నాయి. ఆ అదురు బారెడయ్యకి బాగా తెలుసు. ఏటేటా తన కాళ్ళలో ఉండేది అదే.

అంతలో సమవర్తి గూడబాతు ముందు కూలబడ్డాడు. "పంచాయితీ పెద్దా, ఇంత దూరం నడిచొచ్చినవాళ్ళని ఇప్పుడే ఆడించడం న్యాయం కాదు. కాళ్ళు కదలడం లేదు. ఎవరి తరమవుతుంది?"

"మా తరమయ్యేది కాదండీ," అన్నాడు బారెడయ్య. "అదే చెప్పేవాళ్ళం."

నక్క తల వంచుకున్నాడు. చెవులు కూడా వాలిపోయాయి.

"నీళ్ళ చెలమ ఆ గుట్ట వెనక ఉంది," అన్నాడు బారెడయ్య కంగారూలతో. "బొరియప్ప తవ్విన బొరియల్లో చల్లగా ఉంటుంది. తినండి, పడుకోండి. పిక్కలు అదరడం ఆగాక చెప్పండి, ఆడదాం."

"నా బొరియలా?" అన్నాడు బొరియప్ప. ఎవరూ పట్టించుకోలేదు.

అలా కొన్నాళ్ళు గడిచాక, గెంతులన్నే వచ్చి సై అన్నాక, ఆట జరిగింది. ఆటకి నాలుగు భాగాలు, మధ్యలో విరామాలు. విరామం రాగానే అందరూ నీళ్ళకి పరుగెత్తితే బారెడయ్య పొద దగ్గరికి పరుగెత్తి గుడ్ల మీద కూర్చునేవాడు. కొమ్ము ఊదగానే లేచి మళ్ళీ మైదానంలోకి. వేడెక్కిన ఎర్రమట్టి ఆయన లేనంతసేపూ గుడ్లని కాచింది. తేరుకున్న కంగారూలు ఊరికే వదల్లేదు, చివరిదాకా పీక మీదికి తెచ్చాయి. పడమటి జట్టు ఒక్క తన్నుతో గట్టెక్కింది.

గెంతులన్న ఒళ్ళు దులుపుకుని, "బాగా ఆడారు," అని మనసారా అన్నాడు. సమవర్తికే మనసొప్పలేదు.

"ఇది గెలుపా? నేల వాళ్ళది, ఎండ వాళ్ళ అలవాటు, చుట్టూ అరిచినవాళ్ళంతా వాళ్ళ చుట్టాలు. ఇలాంటి స్థానబలం ఉంటే ఎవడైనా గెలుస్తాడు."

గూడబాతు నెమ్మదిగా ఆయన దగ్గరికి నడిచింది.

"సమవర్తీ, స్థానబలం అనేది ఒకటుందన్నమాట. ఇంత వయసొచ్చింది, నాకిన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. సరే, రాసుకోండి. ఇకనుంచి ఆఖరాట ఒక ఏడు తూర్పున, ఒక ఏడు పడమట. ఎవరు ఎక్కడికి వచ్చినా విశ్రాంతి తీసుకున్నాకే ఆట. కాదనేవాళ్ళున్నారా?"

కాదనడానికి సమవర్తి నోరు తెరిచి, ఇప్పటిదాకా తెరిచిన ప్రతిసారీ ఏమైందో గుర్తొచ్చి, మూసుకున్నాడు.

కప్పు తీసుకోవడానికి నాయకుడేడని వెతికితే బారెడయ్య పొద కింద దొరికాడు. బొరియప్ప కప్పు మోసుకెళ్ళి ముందు పెట్టబోతే, "మెల్లగా," అన్నాడాయన గొంతు తగ్గించి. "లోపల్నించి పొడుస్తున్నాయి."

నీతి: దూరమెంతో నడిచినవాణ్ణి అడగాలి, లెక్క కట్టినవాణ్ణి కాదు.