రాణి ఉన్న సగం

ఆరేళ్ల తర్వాత సిలారయ్య మళ్లీ తేనెటీగలు పెట్టాడు. ఒకటే పెట్టె. ఆ ఒక్క పెట్టె కోసం అతను నాలుగు నెలలు పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. తీరా అది నిండుగా ఈగలతో కళకళలాడే వేళకి, పక్క చేలో మద్దిలేటి వేసిన పొద్దుతిరుగుడు మొగ్గ తొడిగింది. అది చూసిన రోజు నుంచి సిలారయ్యకు తిండి సహించలేదు.

ఎందుకు సహించలేదో చెప్పాలంటే ఆరేళ్లు వెనక్కి పోవాలి.

అప్పుడు అతనికి ఇరవై రెండు పెట్టెలుండేవి. మద్దిలేటి చేను పూత మీద ఉంది. పువ్వుల్లో పచ్చపురుగు పడింది. సరే, పురుగు పడితే మందు కొట్టాలి, కాదనేవాడెవడు? పొద్దు గూకి ఈగలు గూటికి చేరాక కొట్టొచ్చు. ముందు రోజు ఒక్క మాట చెప్పి ఉంటే సిలారయ్య పెట్టెల మూతులు మూసుకునేవాడు. మద్దిలేటి అవేమీ చేయలేదు. పట్టపగలు, ఒక్కో పువ్వు మీద నాలుగేసి ఈగలు వాలి ఉండగా, డబ్బా వీపుకు తగిలించుకుని మందు కొట్టుకుంటూ పోయాడు. సాయంత్రానికి పెట్టెల ముందు చచ్చిన ఈగలు కుప్పలు పడ్డాయి. కొన్ని ఇంకా నేల మీద గిరగిరా తిరుగుతున్నాయి. సిలారయ్య పొరక తెచ్చి ఊడ్చాడు. మూడు గంపలయ్యాయి.

అడగబోతే మద్దిలేటి ఏమన్నాడో తెలుసా? నా చేను, నా మందు అన్నాడు. పెద్దమనుషుల దగ్గరికి పోతే, ఈగలకు కూడా పంచాయితీ ఏందయ్యా అని నవ్వారు. అదే వాళ్ల ఎద్దును ఎవరైనా చంపి ఉంటే అట్లాగే నవ్వేవాళ్లా? సిలారయ్య ఇంటికొచ్చి గొడ్డలి తీసుకుని పెట్టెలన్నీ పగలగొట్టాడు. ఆ చెక్కలతో అతని భార్య ఖాసింబీ ఏడాది పాటు నీళ్లు కాచింది. అంతకుముందే ఖాళీగా పడి ఉన్న ఒక్క పెట్టె మాత్రం మిగిలింది. అందులో కోడి గుడ్లు పొదుగుతోంది, కదిలించొద్దని ఖాసింబీ అడ్డుపడింది.

ఆ రోజు నుంచి సిలారయ్య మద్దిలేటితో మాట్లాడలేదు. రెండు చేలకీ నడుమ ఒకటే గట్టు. ఆరేళ్లపాటు ఆ గట్టు మీద ఇద్దరూ ఎదురుపడితే ఒకడు దిగి చేలోంచి పోయేవాడు.

ఊరి బయట గుట్ట మీద చిన్న దర్గా ఉంది. అక్కడ ఉండే గఫార్ షాను అందరూ షా తాత అంటారు. ఫకీరు కాకముందు ఆయన నల్లమలలో తేనె కొట్టేవాడు. సిలారయ్యకు ఈగల పని నేర్పింది ఆయనే. మాట తగ్గించుకోవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకోవాలని సిలారయ్య ప్రతి గురువారం నూనె గిన్నె పట్టుకుని గుట్ట ఎక్కేవాడు. ఈగల పని బాగా వచ్చింది. రెండోది అంతగా అంటలేదు.

వానలు వెనకబట్టిన రోజుల్లో దర్గా గోడలో దీపం పెట్టే గూట్లోకి చిన్న ఈగల గుంపు వచ్చి చేరింది. ఎంత చిన్నదంటే రెండు చేతుల దోసెట్లో పడుతుంది. షా తాత సిలారయ్యను పిలిచి, తీసుకుపో అన్నాడు. నాకొద్దు తాతా, నా ఈగల రోజులు అయిపోయినాయి అన్నాడు సిలారయ్య. ఆయన, అయితే దీపం పెట్టడానికి నాకు చోటెక్కడిది అన్నట్టు ఆ గూటి వైపు చూస్తూ కూర్చున్నాడు. సిలారయ్య సణుక్కుంటూనే కొత్త పెట్టె చేయించి తీసుకుపోయాడు.

ఇక చూడండి. మొదట ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాలు రెండే పెట్టి, మిగతా చోటంతా అడ్డుపలకతో మూశాడు. చోటు ఎక్కువైతే ఆ కాసిని ఈగలు కాసుకోలేవు, మైనం తినే పురుగు చేరుతుంది. మూతి వేలెడు సందుకు తగ్గించాడు. చీమలు ఎక్కకుండా పీట కాళ్ల కింద కొబ్బరి చిప్పల్లో నీళ్లు పోశాడు. పూలు లేని రోజుల్లో చక్కెర నీళ్లు పెట్టాడు. రెండు చట్రాలు నిండాక మూడోది, అది నిండాక నాలుగోది. ఇంట్లో పసిబిడ్డను కూడా అంత ఆలోచించి సాకడు మనిషి. నాలుగు నెలలకు ఎనిమిది చట్రాల నిండా ఈగలు.

అప్పుడు మద్దిలేటి చేను మొగ్గ తొడిగింది.

సిలారయ్య గుట్ట ఎక్కి షా తాత ముందు నిలబడ్డాడు. మద్దిలేటిని పిలిపించాలన్నాడు. దర్గా మీద చెయ్యి వేయించి, పూత మీద మందు కొట్టనని ప్రమాణం చేయించాలన్నాడు. వాడు మనిషి కాడు తాతా అన్నాడు. మూడు గంపల సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పాడు. ఆయన అది ఎన్నోసారి వినడమో! అయినా చివరిదాకా విన్నాడు.

"ఈగలు ఎన్ని చట్రాల మీదున్నాయి?"

"ఎనిమిది."

"అయితే రేపు సాయంత్రం పెట్టె చీలుద్దాం. ఇంకో పెట్టె ఉందా?"

కోడి పొదిగిన పెట్టె ఉందన్నాడు సిలారయ్య. ప్రమాణం మాట ఏమైందో అడగాలనుకున్నాడు గానీ, ఒకటి రెండవుతుందన్న సంతోషంలో ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దు వాలేవేళ షా తాత వచ్చాడు. చేతులకు ఏమీ తొడుక్కోలేదు. చట్రాలు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. నాలుగో దాని మీద రాణి ఈగ కనబడింది. దాన్ని అట్లాగే చట్రంతో సహా కోడి పెట్టెలో పెట్టాడు. తోడుగా ఇంకో మూడు చట్రాలు పెట్టాడు. రాణి లేని సగంలో అప్పుడే పెట్టిన గుడ్లున్నాయో లేదో చూసుకున్నాడు. ఆ గుడ్లుంటే ఈగలే కొత్త రాణిని తయారు చేసుకుంటాయి. తర్వాత కోడి పెట్టె మూతికి తడిగుడ్డ కట్టి, దాన్ని సిలారయ్య నెత్తికెత్తాడు.

ఆయన ముందు, సిలారయ్య వెనక. చేలో ఆ చివర వేపచెట్టు కింద పెడతాడు కాబోలు అనుకున్నాడు సిలారయ్య. షా తాత వేపచెట్టు దాటాడు. గట్టెక్కాడు. గట్టు దిగి మద్దిలేటి చేలోకి నడిచాడు.

సిలారయ్య గట్టు మీదే ఆగిపోయాడు.

"తాతా, రాణి ఇందులో ఉంది."

"తెలుసు."

"ఇంత దగ్గర పెడితే మేతకు తిరిగే ఈగలన్నీ పాత చోటు వెతుక్కుంటూ వెనక్కి నా పెట్టెకే వస్తాయి."

"రానీ."

మద్దిలేటి పొద్దుతిరుగుడు మొక్కల మధ్యనుంచి వచ్చి, ఇద్దర్నీ చూసి ఏం చేయాలో తెలియక తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఈ ఆరేళ్లుగా నీ చేలో గింజలన్నీ తాలు పోతున్నాయట కదా అని అడిగాడు షా తాత. పోతున్నాయి తాతా అన్నాడు మద్దిలేటి. పోవా మరి? పువ్వు మీద వాలే ఈగను వాడే చంపుకున్నాడు. ఇది నీ చేలో ఉంచుకో, ఎట్లా చూసుకోవాలో సిలారు చెప్తాడు అన్నాడు షా తాత.

చెప్పాడు సిలారయ్య. ఎట్లా చెప్పాడంటే, మద్దిలేటి వైపు తిరక్కుండా ఎదురుగా ఉన్న మొక్కకు చెప్పాడు. పీట కాళ్ల కింద నీళ్లు పోసి పెట్టు. మూతికి అడ్డం నిలబడొద్దు. అంతే, వెనక్కి తిరిగి వచ్చేశాడు.

ఒళ్లు మండదా మనిషికి? దోసెడు ఈగల్ని బతికించి ఎనిమిది చట్రాలు చేసింది ఎవరు? చంపినవాడికి ఇస్తే ఇచ్చాడు, ఫకీరు కదా, ఇవ్వడమే ఆయనకు తెలుసు అనుకుందాం. పోనీ రాణి లేని సగం ఇవ్వొచ్చుగా! కాచుకున్నవాడికి ఖాళీ గూడు, చంపినవాడికి రాణి. ఏ శాస్త్రంలో ఉంది ఈ న్యాయం? ఈ మాటే సిలారయ్య ఖాసింబీతో అన్నాడు, ఎడ్లతో అన్నాడు, బావిగట్టు మీద ఒక్కడే కూర్చుని అన్నాడు. షా తాతతో మాత్రం అనలేదు. ఎందుకంటే మూడు గురువారాలు గుట్ట ఎక్కనే లేదు.

ఈలోగా అతని పెట్టెలో ఈగలు కొత్త రాణి గది కట్టాయి. పన్నెండో రోజు రాణి గది కొరుక్కుని బయటికి వచ్చింది. కానీ రాణి పుట్టగానే అయిపోదు. ఎండ బాగా కాసే మధ్యాహ్నం అది ఒకసారో రెండుసార్లో బయటికి ఎగిరి, పోతుటీగలతో జతకట్టి రావాలి. ఆ కాస్తసేపట్లో పిట్ట తిన్నా, మందు తగిలినా పెట్టె పని అయిపోయినట్టే. దానికి బదులు ఇంకో రాణిని చేసుకోవడానికి లోపల ఒక్క గుడ్డు కూడా ఉండదు.

మద్దిలేటి చేను అప్పటికి పచ్చగా విరగబూసింది. సిలారయ్య పెట్టె పక్కన గొడుగు పాతుకుని మూడు రోజులు కూర్చున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం రాణి మూతి దగ్గరికి వచ్చింది. కాసేపు అటూ ఇటూ నడిచింది. ఎగిరింది. నేరుగా ఆ పూల మీదుగా పోయింది.

అది పోయిన వైపే చూస్తున్నవాడికి గట్టు అవతల నీళ్ల డ్రమ్ము కనబడింది. పక్కన మందు కొట్టే డబ్బా.

సిలారయ్య లేచి కట్టె అందుకున్నాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. గట్టు ఎట్లా దాటాడో అతనికే గుర్తులేదు. ఈసారి ఊడ్చడానికి పొరక పట్టుకునేది లేదు, వాడి కాళ్లు విరగ్గొట్టి జైలుకైనా పోతా అనుకుంటూ పోయాడు.

మద్దిలేటి కోడి పెట్టెకు పక్కగా, మూతికి అడ్డం లేకుండా గొంతుక్కూర్చుని ఉన్నాడు. డబ్బాలో ఇంకా మందు కలపలేదు. అతను కట్టెను చూశాడు, సిలారయ్యను చూశాడు, అయినా లేవలేదు.

"పచ్చపురుగు పడిందన్నా. మందు కొట్టాల. పొద్దున్నుంచి చూస్తాండా, ఇవి లోపలికి పోవు. ఎప్పుడు పోతాయి ఇవి? నా రాణి లోపలే ఉందో, బయటికి పోయిందో ఎట్లా తెలుస్తాది?"

"నీ రాణా?" అన్నాడు సిలారయ్య. ఆరేళ్లుగా మద్దిలేటి మొహాన అనాలనుకున్నవి ఎన్నో ఉన్నాయి. ఒక్కటే బయటికి వచ్చింది. "ఇరవై రెండు పెట్టెలు రా."

మద్దిలేటి తల వంచుకున్నాడు. గడ్డిపోచ తెంపుతూ అన్నాడు.

"అప్పుడవి నీ ఈగలు గదన్నా."

సిగ్గులేని మాట. సిగ్గుపడుతూ అన్నాడు కాబట్టి కొట్టలేకపోయాడు గానీ, ఇంకొకడైతే ఆ మాటకే కొట్టేవాడు. సిలారయ్య కట్టె గట్టు మీద పారేసి కూలబడ్డాడు. పాత రాణి బయటికి రాదని చెప్పాడు. తన కొత్త రాణి మాత్రం ఇప్పుడే ఎగిరిందని, ఇంకో నాలుగు రోజులు ఎప్పుడైనా ఎగరొచ్చని చెప్పాడు. ఈసారి మొక్కకు చెప్పలేదు.

నాలుగు రోజులాగితే పురుగు పువ్వును తినేస్తుంది. అది సిలారయ్యకూ తెలుసు. మద్దిలేటి కాసేపు చేను వైపు చూసి, డబ్బా బోర్లించి ఇంటికి పోయాడు. భార్యను వెంటబెట్టుకుని రెండు సత్తు గిన్నెలతో తిరిగొచ్చాడు. ఇద్దరూ ఒక్కో పువ్వూ వంచి, చేత్తో పురుగులు ఏరడం మొదలుపెట్టారు. మర్నాడు ఖాసింబీ కూడా ఒక గిన్నె తీసుకుని పోయింది. సిలారయ్య వద్దనలేదు. రమ్మని అతన్ని ఎవరూ పిలవలేదు కూడా. అయినా ఎండ తగ్గాక పోయి రెండు వరసలు ఏరి వచ్చాడు. మిగిలిన పురుగుకు నాలుగు రోజుల తర్వాత వేపనూనె కొట్టారు. అదీ పొద్దు గూకినాక, రెండు పెట్టెల మూతులూ మూశాక.

వారానికి సిలారయ్య చట్రం ఎత్తి ఎండకు పెట్టి చూశాడు. గదుల అడుగున నూలుపోగు ముక్కల్లాగా గుడ్లు. మెల్లిగా దించి మూత పెట్టాడు.

ఆ గురువారం నూనె గిన్నెతో గుట్ట ఎక్కాడు. షా తాత గూట్లో ఒత్తి సరిచేస్తున్నాడు. మూడు గురువారాలు ఏమయ్యావని అడగలేదు.

"రాణి గుడ్లు పెట్టింది తాతా."

"ఊఁ."

"కోపం మాత్రం పోలేదు నాకు. రాణి ఉన్న సగం వాడికెందుకిచ్చినావు?"

"రాణి లేకపోయినా నువ్వు పెంచగలవు. వాడు పెంచగలడా?"

సిలారయ్య నూనె పోశాడు. కొంచెం ఒలికింది. పైగుడ్డతో తుడిచి, ఇంకో సంగతి చెప్పాడు. మొన్న మిట్టమధ్యాహ్నం అవతలి చేను నాగశేషు డబ్బా తగిలించుకుని దిగాడట. మద్దిలేటి కేకలు పెట్టుకుంటూ వాడి మీదికి పోయాడట. పోతూ పోతూ, సిలారయ్య గట్టు మీద పారేసిన కట్టెనే తీసుకుపోయాడట. నాగశేషు ఏమన్నాడంటే, నా చేను, నా మందు అన్నాడట.

షా తాత ఒత్తి వెలిగించాడు.

"వచ్చే ఏడు మద్దిలేటి పెట్టె చీలుద్దాం. ఏ సగం నాగశేషుకు ఇయ్యాలో మద్దిలేటికి నువ్వే చెప్పు."

సిలారయ్య పైగుడ్డ భుజాన వేసుకున్నాడు. ఖాళీ గిన్నె తీసుకుని గుట్ట దిగాడు.