తగలడంలో తేడాలు

చీరాలలో పురుషోత్తం మాస్టారు ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తయారుచేస్తున్న రోజుల్లో ఆయన శిష్యుడు కోదండపాణి ఒక ప్రశ్న అడిగాడు.

"బంప్, నాక్, బ్యాంగ్, హిట్... ఇన్ని మాటలెందుకు మాస్టారూ? మనకు 'తగలడం' ఒక్కటి చాలదూ?"

అడిగింది సగమే. ఆ మాటలన్నీ తనకివ్వకుండా నిన్నగాక మొన్న వచ్చిన రజియాకెందుకిచ్చారన్నది మిగతా సగం. మాటకో చీటీ చొప్పున తొమ్మిదేళ్లుగా రాస్తున్నవాడు కోదండపాణి. పుస్తకం అట్ట మీద మాస్టారి పేరు కింద తన పేరుంటుందని అత్తవారింట్లో కూడా చెప్పేసుకున్నాడు. ఇప్పుడా చోటుకు ఈ పిల్ల ఎసరు పెట్టేలా ఉంది. మొన్న ఆమె 'నాక్' కింద 'మోచెయ్యి తగిలి అత్తగారి కాఫీ ఒలికింది' అని ఉదాహరణ రాస్తే మాస్టారు పగలబడి నవ్వారు. తన చీటీ చదివి ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారి నవ్వలేదు. మనవాడికి ఒళ్లు మండిపోయింది. కుళ్లండీ, ఇంకేం కాదు! దానికి మర్యాదైన పేరు పెట్టడం నావల్ల కాదు.

మాస్టారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. అంతలో రజియా మూడు నెలలుగా రాసి, వరసలో సర్దుకున్న చీటీల అట్టపెట్టెను రెండు చేతులా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే కోదండపాణి లేచి బయటికి నడిచాడు. ఇద్దరు పట్టేంత గుమ్మమే అది. అయినా భుజం తగిలింది. పెట్టె బోర్లాపడి, చీటీలు ఫ్యాను గాలికి గదంతా ఎగిరాయి.

"అయ్యయ్యో! నేనే చూసుకోలేదు సార్. అన్నయ్యకి డాష్ ఇచ్చేశాను" అంది రజియా.

"డాష్ ఇవ్వడం మనం పుట్టించుకున్న ఇంగ్లీషమ్మా, దొరలకు తెలీదు" అంటూ మాస్టారు లేచి ఫ్యాను ఆపారు. "కోదండం, నువ్వు చెప్పు. ఇప్పుడు జరిగింది వాటిలో ఏది?"

"బంప్ మాస్టారూ. చూసుకోకుండా తగలడం."

"బాగా ఆలోచించు."

"పోనీ, నాక్. పెట్టె కిందపడింది కదా."

మాస్టారు తల అడ్డంగా ఊపారు. రజియా నేల మీద కూర్చుని చీటీలు ఏరుకుంటోంది. "కొంచెం కాలు తీయండన్నయ్యా" అంది, కోపమేమీ లేకుండా. కోదండపాణి తనే వంగి కాలి కింది చీటీ తీశాడు. 'హిట్: తగులు, ఢీకొను' అని గుండ్రటి అక్షరాలు. సిగ్గుతో మెడ వంగిపోయింది.

"హిట్ మాస్టారూ" అన్నాడు చివరికి. "ఆ అమ్మాయి రావడం చూశాను. చూసే, కావాలనే తగిలించాను."

రజియా తలెత్తి చూసింది. మళ్లీ చీటీల మీదికి వంగింది.

"ఆ చీటీ నువ్వే రాయి కోదండం" అన్నారు మాస్టారు. "ఆ అర్థం ఆ అమ్మాయికింకా తెలీదు."