బల్లి పన్ను

ఆత్రం కౌసల్య గురువుగారి దగ్గర ఒక మాట దాచింది. పదకొండు రోజులుగా ఆ మాట ఆమెకు అన్నం సయించనివ్వడం లేదు.

గురువుగారి పేరు గౌస్ మొహియుద్దీన్. రాళ్లలో మిగిలిపోయిన పాతకాలపు ఎముకలు చదివే మనిషి. ప్రాణహిత ఒడ్డున ఒక ఎర్రమట్టి గుట్ట ఉంది. రాక్షసబల్లుల కాలంలో అది చెరువు అడుగు. అక్కడ పెద్ద పెద్ద ఎముకలు చాలామందికి దొరికాయి. సార్ మాత్రం వాటి కాళ్ల సందున తిరిగిన చిన్న ప్రాణి కోసం వెతికారు. చుంచెలుకంత ఉండే, పిల్లలకు పాలిచ్చే జంతువు. అది అక్కడ ఉండి తీరాలని ఆయన నమ్మకం. ముప్పై ఒక్క ఏళ్లు ఆ మట్టిని బస్తాలకెత్తించి, ఎండబెట్టి, కిరసనాయిల్లో నానబెట్టి, జల్లెళ్లలో కడిగించారు. చేప పొలుసులు దొరికాయి, మొసలి పళ్లు దొరికాయి. అది దొరకలేదు. రిటైరైనా రోజూ డిపార్ట్‌మెంటుకి వచ్చి కిటికీ పక్కన కూర్చునేవారు.

కౌసల్యది ఆ గుట్టకు అవతలి గూడెం. ఆయన దగ్గర మిగిలిన ఆఖరి విద్యార్థి ఆమే. పోయిన వేసవిలో తడి కుంచె మొనతో ఇసుక రేణువులు ఏరుతుంటే ఆమెకు ఒక దవడ ముక్క దొరికింది. వేలిగోరంత ఉంది. దాని మీద రెండు పళ్లు, వెనక మూడోది ఊడిపోయిన గుంత. ఒక్కో పన్నుకి మూడు మొనలు, మొనల వెనక చిన్న మెట్టు. ఆ మెట్టు బల్లుల పళ్లకు ఉండదు.

ఆ రోజు సార్ దాన్ని మైక్రోస్కోపులో చూశారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు, మళ్లీ తీసి తుడుచుకున్నారు. సాయంత్రం అందరికీ చాయ్, బిస్కెట్లు తెప్పించారు.

ఇది ఇంతవరకూ ఎవరూ చూడని జాతి అని కౌసల్య వ్యాసం రాసి ఒక సైన్సు పత్రికకు పంపింది. జవాబు వచ్చింది. ఊడిపోయిన మూడో పన్ను ఎలా ఉండేదో తెలియకుండా కొత్త జాతి అని ఎలా అంటారని అడిగారు.

పోల్చి చూడడానికి ఏమైనా ఉందేమోనని ఆమె పాత బీరువా తెరిచింది. అట్టడుగు అరలో ఒక చిన్న డబ్బా, అందులో గాజు గొట్టం, గొట్టంలో నువ్వుగింజంత పన్ను. పక్కన చీటీ. సార్ చేతిరాత. అదే గుట్ట పేరు, ఆయన అక్కడికి వెళ్లిన మొదటి ఏడాది తేదీ. కింద, ‘బల్లి పన్ను’ అని ఉంది.

మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. మూడు మొనలు. వెనక మెట్టు. కొలిచింది. దవడలోని గుంతకు అచ్చంగా సరిపోయే పన్ను.

ముప్పై ఒక్క ఏళ్లు ఆయన వెతికింది ఆయనకు మొదటి ఏడే దొరికింది. ఆయనే చేత్తో పట్టుకుని, పేరు రాసి, బీరువాలో పెట్టి మూసేశారు.

కౌసల్య డబ్బాను తీసిన చోటే పెట్టేసింది. ఈ వయసులో ఆయనకు ఇది చెప్పి ఏం సాధించాలి? దవడ ఒక్కదానితోనే మళ్లీ రాసి పంపుదాం, తిప్పి కొడితే కొట్టనీ అనుకుంది.

పన్నెండో రోజున సార్ ఆ జవాబు చూపించమన్నారు. నిదానంగా చదివారు. పాత బీరువా చూశావా అని అడిగారు. చూశానంది.

“ఏమీ లేదా?”

ఆమె తల వంచుకుంది. లేచి వెళ్లి డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆయన పన్నుని మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూశారు. వరండాలో కడిగి ఆరబెట్టిన జల్లెళ్ల నుంచి నీటిబొట్లు పడుతున్న చప్పుడు వినబడుతోంది. కౌసల్య ఉండబట్టలేకపోయింది.

“అప్పట్లో ఇంత మంచి మైక్రోస్కోపు లేదు కదా సార్.”

“ఇదే మైక్రోస్కోపు,” అన్నారాయన కన్ను తీయకుండానే.

తర్వాత పన్నుని గాజు గొట్టంలో వేసి వెలుతురుకి పట్టి చూశారు. దూరమైన చుట్టాన్ని రైలు స్టేషన్లో గుర్తుపట్టినట్టుగా ఆయన ముఖం మెల్లగా విచ్చుకుంది.

“వాళ్లకు జవాబు రాయి బిడ్డా. మూడో పన్ను ముప్పై ఒక్క ఏళ్ల నుంచి మా దగ్గర్నే ఉన్నదని రాయి.”

డబ్బాలోకి కొత్త చీటీ కూడా ఆమెనే రాయమన్నారు. కౌసల్య కొత్త జాతి అని పెద్ద అక్షరాలతో రాసింది. దొరికినది ఎవరికి అన్నచోట ఆయన పేరు రాసింది. గుర్తించినది ఎవరు అన్నచోట కలం ఆగిపోయింది.

“నీ పేరు రాయి,” అన్నారు సార్.

రాసింది. రాసి, పాత చీటీని ఆయన కంట పడకుండా గుప్పిట్లో నలిపింది. ఆయన అరచెయ్యి చాపారు. ఇవ్వక తప్పలేదు.

ఆయన దాన్ని బల్ల మీద పరిచి బొటనవేలితో ముడతలు తీశారు. నాలుగు మడతలు పెట్టి గాజు గొట్టం కింద ఉంచారు. దాని మీద ఆమె చీటీ పెట్టి మూత వేయబోతే పట్టలేదు.

“నీది కొంచెం చిన్నగ రాయి బిడ్డా,” అన్నారు. “రేపు ఇంకెవరన్న దిద్ది రాసే చీటీకి జాగ ఉండాలె.”

కౌసల్య తన చీటీని బయటికి తీసి కొత్త కాగితం, కత్తెర అందుకుంది.