చివరి కొట్టుకు సాంబ్రాణి

జిలానీకి భయం పట్టుకుంది. మామూలు భయం కాదండీ, కంచం ముందునుంచి లేచిపోయేంత భయం.

ఈమధ్యే బెంగళూరులో కొత్త స్టార్టప్‌లను లోకానికి చూపించే పెద్ద సభ జరిగింది. ముసలివాళ్లకు మందుల వేళ వాళ్ల యాసలోనే గుర్తుచేసే యాప్‌ని జిలానీ ఆ వేదిక మీద చూపించాడు. హాలంతా లేచి నిలబడి ఒకటే చప్పట్లు! ఆ వారం జనం ఎగబడ్డారు. పై వారానికి సగమయ్యారు. ఆ తర్వాత ఫోను తెరిచి చూడాలంటేనే దడ. పోయినేడు అదే వేదికెక్కిన కంపెనీలు ఏమయ్యాయా అని వెతికితే, ఒకటి మూతపడింది, ఒకటి అమ్ముడుపోయింది, మరొకదాని వెబ్‌సైటే తెరుచుకోలేదు.

కడపలో ఉన్న తన గురువు లతీఫ్ సాబు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"హజ్రత్, కంపెనీ మూసేయమంటారా? సాయంత్రంలోగా సుభాషిణికి చెప్పాలి."

సుభాషిణి కంపెనీలో అతని భాగస్వామి. నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలేసి ఇతన్ని నమ్మి వచ్చిన పిల్ల.

సాబు ధూపం పాత్రలో నిప్పులు సర్దుతున్నారు. గురువారం కదా, బజారులో కొట్టుకొట్టుకూ తిరిగి సాంబ్రాణి పొగ వేసి రావాలి. పాత్ర, నెమలీకల కట్ట, సాంబ్రాణి సంచీ జిలానీ చేతిలో పెట్టారు.

"మోకాళ్లు మొరాయిస్తున్నాయి బేటా. ఇవాళ నువ్వెయ్యి. నేను వెనకాల వస్తా."

మొదటిది బట్టల కొట్టు. జిలానీ గుప్పెడు తీసి వేశాడు. పొగ గుప్పుమని లేచింది.

"అబ్బబ్బ, ఏం పొగ! దోమలన్నీ ప్రొద్దుటూరు పారిపోయుంటాయి" అన్నాడు కొట్టాయన.

పక్కవాళ్లు తొంగిచూశారు. జిలానీకి గుండె కాస్త కుదుటపడింది. ఇంకో గుప్పెడు వేశాడు. పక్క కొట్లోనూ అంతే. సాబు వెనకాలే నడిచారు.

మిఠాయి కొట్టు దాటి సంచీలో చెయ్యి పెడితే వేళ్లకు గుడ్డే తగిలింది. ముందుకు చూశాడు. బజారు ఇంకా బోలెడుంది.

"ఏం నాయనా, బూడిద చూపించి పోతావా?" అంది గాజుల కొట్టామె.

జిలానీ తల దించుకుని నడిచాడు. ఒళ్లంతా చెమట.

చివర్న గొడుగులు బాగుచేసే రోశయ్య కొట్టు. ముసలాయన అప్పటికే లేచి, తలపాగా తీసి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. జిలానీ అడుగు పడలేదు.

"హజ్రత్, నా దగ్గర ఏమీ లేదు. ఆయన కళ్లు తెరిస్తే ఏం చెప్పాలి?"

సాబు వంగి బూడిద మీద ఊదారు. అడుగున ఒక నిప్పు ఎర్రగా కనబడింది. జేబులోంచి చిటికెడు సాంబ్రాణి తీసి జిలానీ అరచేతిలో పెట్టారు.

"వాళ్లు పొగ చూసి మెచ్చుకున్నారు బేటా. ఈయన పోయిన గురువారం నించీ ఎదురుచూస్తున్నాడు."

జిలానీ సగమే వేశాడు. సన్నటి పొగ లేచింది. రోశయ్య దాన్ని రెండు చేతులా మొహానికి అద్దుకున్నాడు.

ఫోను మోగింది. సుభాషిణి.

"ఏమైంది? మూసేద్దామా?"

"ఆగు." జిలానీ ధూపం పాత్ర కింద పెట్టాడు. "వదిలేసి పోయినవాళ్ల సంగతి వద్దు. ఇవాళ పొద్దున మన యాప్ పిలిస్తే మందు వేసుకున్నది ఎవరో చూడు. ఒక్కొక్కరి పేరూ చదువు."

మిగతా సగం సాంబ్రాణి అతని పిడికిట్లోనే ఉంది.